లోపల ఒక మాట, బయట ఒక మాట: సంఘంలో కులం, క్రైస్తవ జీవితంలో సత్యం

"క్రీస్తులో కులం లేదు." ఆదివారం ఆరాధనలో ఈ మాట వినని దళిత క్రైస్తవుడు ఉండడు. "మతం మారినా కులం మమ్మల్ని వదల్లేదు, మాకు షెడ్యూల్డు కుల హోదా ఇవ్వండి." ధర్నాల్లో, మహజర్లలో, కమిషన్ల ముందు వినిపించే మాట ఇది. రెండు మాటలూ ఒకే సంఘానివి. చాలాసార్లు రెండూ ఒకే నోటి నుంచి వస్తాయి.

ఈ రెంటిలో ఏది నిజం అని అడిగితే సంఘ పెద్దలకు కోపం వస్తుంది. "అది విశ్వాసం, ఇది రాజకీయం, రెంటినీ కలపొద్దు" అంటారు. విశ్వాసానికీ రాజకీయానికీ మధ్య గీసిన ఆ గీత వల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్నది తేల్చుకోకుండా దళిత క్రైస్తవుల హోదా పోరాటం గానీ, సంఘం లోపలి ఆత్మగౌరవ పోరాటం గానీ ముందుకు పోలేవని మా అభిప్రాయం. సత్యంలోనే విడుదల ఉందని బోధించే మతం ఇది. తన గురించి తాను ఒక చేదు నిజాన్ని ఒప్పుకోవలసి వచ్చినప్పుడు ఆ మతం ఏం చేస్తున్నది? ఈ వ్యాసంలో మేము చర్చించదలచింది ఇదే.

చట్టం ఏమంటున్నది?

1950లో రాష్ట్రపతి జారీ చేసిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మూడో పేరా ఒకటి ఉంది. హిందూ మతం కాక వేరే మతంలో ఉన్నవాళ్ళను షెడ్యూల్డు కులస్తులుగా ఎంచరాదన్నది దాని సారాంశం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకూ ముస్లిములకూ తెరవలేదు.

ఆ తలుపు తట్టినవాళ్ళలో మద్రాసు రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఒక ఆది ద్రావిడ క్రైస్తవుడు ఉన్నాడు. షెడ్యూల్డు కులాల చెప్పులు కుట్టేవాళ్ళకు ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇచ్చింది. ఆయనకు ఇవ్వలేదు. అదే రోడ్డు, అదే ఆరె, అదే తోలు. తేడా ఒక్క బాప్తిస్మమే. 'సూసై వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా' అనే పేరుతో ఆ కేసు సుప్రీంకోర్టుకు పోయింది. 1985లో కోర్టు చెప్పిందేమంటే, మతం మారాక కూడా కులం మిగిలి ఉండవచ్చు. కానీ అది చాలదు, హిందూ సమాజంలో పడిన బాధలే కొత్త మతంలోనూ అంతే తీవ్రంగా కొనసాగుతున్నాయని ఆధారాలతో చూపించాలి, ఆ ఆధారాలు మా ముందు లేవు.

ఈ తీర్పును జాగ్రత్తగా చదవాలి. క్రైస్తవ సంఘంలో కులబాధ ఉందని చూపించే ఆధారాలు తెమ్మన్నారు. ఆ ఆధారాలు ఎవరి దగ్గర ఉంటాయి? సంఘం దగ్గరే ఉంటాయి. సమాధుల రికార్డులో, పెళ్ళి రిజిస్టరులో, బడుల ఉద్యోగాల జాబితాలో, డయాసిస్ కమిటీల మినిట్స్ పుస్తకాల్లో ఉంటాయి. వాటిని బయట పెట్టవలసినవాళ్ళే పెట్టెలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి జేబులో వేసుకుని, మాకు న్యాయం జరగలేదని ఢిల్లీ వెళ్ళి అరిచారు.

మన తెలుగు రాష్ట్రాల్లో, షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళను, వాళ్ళ సంతతిని వెనుకబడిన తరగతుల 'సి' గ్రూపులో పెట్టారు. వాటా 1 శాతం. ఈ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకు రిజర్వుడు నియోజకవర్గంలో పోటీ చేసే హక్కు లేదు. అట్రాసిటీ చట్టం రక్షణ లేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఈ సంగతే మళ్ళీ చెప్పింది. తనను కులం పేరుతో దూషించి దాడి చేశారని ఒక పాస్టరు పెట్టిన కేసులో, క్రైస్తవంలో ఉన్న వ్యక్తికి ఆ చట్టం వర్తించదని కేసు కొట్టేసింది. అంతకు ముందు, 2024 నవంబరులో, పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట అన్నది. క్రైస్తవ ఆచరణలో ఉంటూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పి ఎస్సీ సర్టిఫికెట్ అడగడం రాజ్యాంగాన్ని మోసగించడమే అన్నది.

కులం పేరు పెట్టి తిట్టేవాడు బాప్తిస్మం సర్టిఫికెట్ చూసి తిట్టడు. కోర్టు మాత్రం దాన్నే చూస్తుంది.

రెండు పేర్ల బతుకు

ఈ చట్టం వల్ల జనం ఎట్లా బతకవలసి వచ్చిందో జనాభా లెక్కల్లో కనిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో క్రైస్తవులు 18 లక్షల పైచిలుకు, అంటే జనాభాలో 4.19 శాతం. 1981లో అది 2.68 శాతానికి పడిపోయింది. 1991లో 1.83, 2001లో 1.55, 2011లో 1.34 శాతం. నలభై ఏళ్ళలో రాష్ట్ర జనాభా దాదాపు రెట్టింపు అయితే క్రైస్తవులు 18 లక్షల నుంచి 11 లక్షలకు తగ్గారట! ఈ నలభై ఏళ్ళలోనే వాడవాడకూ కొత్త సంఘాలు వెలిశాయి, మైకులు వచ్చాయి, సభలు పెరిగాయి. మరి జనం ఏమైనట్టు? ఎక్కడికీ పోలేదు. చర్చిలో మరియమ్మ, రికార్డులో మంగమ్మ. ఆదివారం ఒక పేరు, సోమవారం ఇంకో పేరు.

దీన్ని చూసి "దొంగ హిందువులు" అని ఒకరంటారు, "దొంగ క్రైస్తవులు" అని ఇంకొకరంటారు. ఇద్దరి మాటా ఒకే దెబ్బ. చదువుకునే పిల్ల హాస్టల్ సీటు కోసం మండలాఫీసు మెట్లెక్కి కాగితం మీద మతం గడి నింపుతుంది. అక్కడ నిజం రాస్తే చదువు పోతుంది. అబద్ధం రాస్తే ఆదివారం ప్రసంగంలో పాపమవుతుంది. ఆ పిల్ల చేత ఆ అబద్ధం రాయించింది చట్టం. చట్టాన్ని మార్చడానికి కావలసిన సాక్ష్యాన్ని దాచిపెట్టింది సంఘం. ఈ రెంటినీ వదిలేసి పాపమంతా ఆ పిల్ల నెత్తిన రుద్దడం ఏ సువార్త?

క్రైస్తవ జీవితంలో సత్యం గురించి మాట్లాడేవాళ్ళు మొట్టమొదట తేల్చుకోవలసింది ఇదే. అబద్ధం ఆడక తప్పని స్థితిలో ఉన్నవాడి అబద్ధం వేరు. నిజం చెప్పగలిగి కూడా, పీఠం పోతుందని చెప్పనివాడి అబద్ధం వేరు. ప్రసంగ వేదికల మీద మొదటిదాని గురించే వింటున్నాం. రెండోదాని ఊసు లేదు.

ఇది ఇవ్వాళ మొదలైంది కాదు

సంఘంలో కులం ఉందన్న నిజం కొత్తగా కనిపెట్టింది కాదు. నాలుగు వందల ఏళ్ళుగా తెలిసిందే. మదురైలో రాబర్ట్ డి నొబిలీ బ్రాహ్మణ వేషం కట్టి సువార్త చెప్పాడు. మారిన బ్రాహ్మణులు జంధ్యం, పిలక ఉంచుకోవచ్చునా అన్న తగాదా రోముదాకా పోయింది. 1623లో పదిహేనవ గ్రెగొరీ పోపు కొన్ని షరతులతో ఉంచుకోవచ్చునన్నాడు. కులం సంఘంలోకి దొడ్డిదారిన రాలేదు. అనుమతి పత్రం పట్టుకుని ముందు గుమ్మంలోంచే వచ్చింది.

ప్రొటెస్టెంట్లలో ఇంకో రకం చరిత్ర ఉంది. 1833లో కలకత్తా ఆంగ్లికన్ బిషప్ డేనియల్ విల్సన్, సంఘంలో కులాన్ని పూర్తిగా, వెంటనే వదిలిపెట్టాలని లేఖ రాశాడు. తంజావూరు, మద్రాసు వేపేరి సంఘాల్లో అగ్రకుల క్రైస్తవులు చాలామంది ఆ మాట విని చర్చి వదిలి బయటికి నడిచారు. వాళ్ళు క్రీస్తును వదులుకోవడానికి సిద్ధపడలేదు, కులాన్ని వదులుకోవడానికీ సిద్ధపడలేదు. అందుకని చర్చిని వదిలారు.

తెలుగు నేల మీద సంగతి చూద్దాం. గుంటూరు ప్రాంతంలో రెడ్డి, కమ్మ కథలిక్కు కుటుంబాలు 18వ శతాబ్దపు జెస్యూట్ మిషన్ కాలం నుంచీ ఉన్నాయి. తెలుగు సంఘం రూపురేఖల్ని మార్చింది మాత్రం 19వ శతాబ్దంలో వాడల నుంచి వచ్చిన జనం. కృష్ణా జిల్లా రాఘవాపురంలో మాల కులానికి చెందిన పగోలు వెంకయ్య 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఒంగోలు ప్రాంతంలో తోలు వ్యాపారం చేసే మాదిగ పెద్ద ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకుని తన బంధువర్గమంతటికీ తానే సువార్త మోశాడు. మిషనరీ వచ్చి వీళ్ళను మార్చాడనడం సగం నిజమే. వీళ్ళే మిషన్‌ను మార్చారు.

ఎట్లా అంటే, ఒంగోలులో జాన్ క్లౌ బడి పెడితే అగ్రకులాల వాళ్ళు పిల్లల్ని పంపించారు. మాదిగలు సంఘంలోకి వచ్చేసరికి ఆ పిల్లల్ని మానిపించారు. మాదిగలను ఆపితే ఊరు దక్కుతుంది, మాదిగలను తీసుకుంటే ఊరు పోతుంది. క్లౌ దంపతులు ఆ సందిగ్ధంలో బైబిలు తెరిచారు. దేవుడు లోకంలో తక్కువవాళ్ళను ఎన్నుకున్నాడని పౌలు కొరింథీయులకు రాసిన మాట కనిపించింది. మాదిగలను తీసుకున్నారు, ఊరిని వదులుకున్నారు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పనిలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ పని జరిగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. పని అయిపోయాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ జనం చేసింది చిన్న పని కాదు. చచ్చిన గొడ్డు మాంసం తినమన్నారు. ఊరి జాతరలో డప్పు కొట్టమన్నారు. ఆదివారం వెట్టికి రామన్నారు. ప్రతి 'అన'మూ ఊరి పెత్తనం మీద దెబ్బే. దానికి తన్నులు తిన్నారు, బావుల దగ్గరికి రానివ్వకపోతే నీళ్ళు లేక అల్లాడారు. అయినా వెనక్కి పోలేదు. అక్షరం వచ్చింది, చొక్కా వచ్చింది, పిల్లలకు కొత్త పేర్లు వచ్చాయి. ఈ లాభాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళతో మేము ఏకీభవించం. బాప్తిస్మం దళితులకు ఏమీ ఇవ్వలేదనేది అబద్ధం. బాప్తిస్మంతో కులం పోయిందనేది కూడా అబద్ధమే. రెండో అబద్ధాన్ని ఒప్పుకుంటే మొదటిది నిజమైపోతుందేమోనన్న భయం సంఘ పెద్దల్లో ఉంది. ఆ భయమే ఇన్నాళ్ళూ వాళ్ళ నోరు కట్టేసింది.

కులం ఎక్కడ దాక్కుంది?

ప్రభురాత్రి భోజనంలో ఒకే గిన్నెలోది తాగుతాం కదా, ఇంకా కులం ఎక్కడుంది అని అడుగుతారు. అందరికీ కనిపించేచోట అది ఉండదు. లెక్క తీస్తే కనిపించేచోట ఉంటుంది. ముఖ్యంగా నాలుగు చోట్ల వెతకాలి.

ఒకటి, చావు. తమిళనాడులో తిరుచిరాపల్లిలో కథలిక్కుల సమాధుల మధ్య దళితులను వేరు చేసే గోడ అందరికీ తెలిసిందే. 2008లో అదే రాష్ట్రంలోని ఎరైయూరులో, దళిత క్రైస్తవులు వేరే పారిష్ కావాలని అడిగినందుకు వన్నియ క్రైస్తవులతో ఘర్షణ లేచి పోలీసు కాల్పుల దాకా పోయింది, ఇద్దరు చనిపోయారు. రెండు వర్గాలూ అదే సిలువకు మొక్కేవాళ్ళే.

రెండు, పెళ్ళి. సంఘంలో పెళ్ళిళ్ళు 'ప్రభువునందు' జరుగుతాయంటారు. ప్రభువు కూడా మాలకు మాలనే, మాదిగకు మాదిగనే, రెడ్డికి రెడ్డినే చూపిస్తున్నాడు! క్రైస్తవ సంబంధాల ప్రకటనల్లో కులం పేరు తీసేసి చదవండి, సగం ప్రకటన మిగలదు.

మూడు, పీఠం. 2016లో భారత కథలిక్కు బిషప్పుల సమాఖ్య దళితుల సాధికారత మీద ఒక విధాన పత్రం తెచ్చింది. కుల వివక్ష ఘోరమైన పాపమనీ, అది సంఘంలో ఉన్నదనీ అందులో ఒప్పుకుంది. దేశంలోని కోటీ తొంభై లక్షల మంది కథలిక్కుల్లో కోటీ ఇరవై లక్షల మంది దళితులైతే, దళిత బిషప్పులు పన్నెండు మందేనని అప్పుడు అందరికీ తెలిసింది. ఆ పరిస్థితిలో తెలుగు దళితులు కొన్ని మెట్లు ఎక్కారన్నదీ నిజమే. 2000లో హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ అయిన మారంపూడి జోజి, అదే పీఠం నుంచి 2022లో కార్డినల్ అయిన పూల ఆంథోని అందుకు గుర్తులు. ఆంథోని దళితుల నుంచి వచ్చిన మొట్టమొదటి కార్డినల్. నాలుగు వందల ఏళ్ళ చరిత్రలో మొదటివాడు అనడం సంతోషించవలసిన మాటే, సిగ్గుపడవలసిన మాట కూడా.

నాలుగోది మన వాడలదే. చెప్పడానికి అన్నిటికన్నా కష్టమైనది. మిషన్లు వచ్చినప్పుడు ఒంగోలు బాప్టిస్టు సంఘంలో మాదిగలు ఎక్కువగా చేరారు. గుంటూరు లూథరన్ సంఘంలో, కృష్ణా జిల్లా ఆంగ్లికన్ సంఘంలో మాలలు ఎక్కువ. ఒక వాడ ఒక మిషన్‌లో చేరితే రెండో వాడ ఇంకో మిషన్‌ను పిలిపించుకున్న ఊళ్ళు ఉన్నాయి. బోధలో తేడా తెలిసి ఎన్నుకున్నది కాదు, అవతలి వాడతో కలిసి కూర్చోలేక ఎన్నుకున్నది. రెండు వాడలూ కలిసి ఉన్న సంఘాల్లో ఎన్నికలొస్తే ఓట్లు ఏ గీత మీద చీలతాయో అందరికీ తెలుసు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మోగినప్పుడు ఆ గీత రోడ్డు మీదికి వచ్చింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందన్నాక రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అది చట్టంలోకి వచ్చింది. సంఘంలో మాత్రం దాని గురించి మాట్లాడటం ఐక్యతను చెడగొట్టడమే అన్నట్టు చూస్తున్నారు. పై కులాల క్రైస్తవుల్ని నిలదీసే నోరు, పక్క వాడ ముందు మూగబోతే ఆ నిలదీతకు బలం ఉండదు.

అంబేద్కర్ అడిగిన ప్రశ్న

మతం మారిన దళితుల స్థితి మీద అంబేద్కర్ రాసిన వ్యాసాలు, ఆయన పోయాక, 1989లో మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన రచనల అయిదో సంపుటంలో అచ్చయ్యాయి. అందులో ఆయన క్రైస్తవ మిషన్ల సేవను కాదనలేదు. కానీ రెండు విమర్శలు చేశాడు. మిషన్ల బడుల, కళాశాలల లాభం పై కులాల నుంచి వచ్చినవాళ్ళకు దక్కినంతగా అంటరాని కులాల నుంచి వచ్చినవాళ్ళకు దక్కలేదన్నది మొదటిది. రెండోది ఇంకా లోతైనది. దళితుడి పతనానికి కారణం అతని చుట్టూ ఉన్న సామాజిక అన్యాయం. సంఘం మాత్రం అతనికి, నీ కష్టాలకు నీ పాపమే కారణమని నేర్పింది. ఆ బోధ విన్నవాడికి పోరాడే చేవ రాదు అన్నాడు.

ఈ విమర్శకు సంఘం ఇప్పటికీ జవాబు చెప్పలేదు. వాడలో సంఘ కూటాలకు వెళ్ళి చూడండి. తాగుడు పాపం, సినిమా పాపం, పోట్లాట పాపం. కూలి ఎగ్గొట్టిన భూస్వామి పాపం గురించి ప్రసంగం ఉండదు. సమాధుల మధ్య గోడ గురించి పశ్చాత్తాప ప్రార్థన ఉండదు. దళిత స్త్రీ మెడలోని పూసల దండ మీద గంట సేపు ప్రసంగం జరుగుతుంది. ఆ స్త్రీ ఆరాధనకు మందిరం ఊడ్చి, చాపలు పరిచి, కానుకలు పోగు చేసి ఇస్తే, ఆ కానుకల లెక్క చూసే కమిటీలో ఆమెకు కుర్చీ ఎందుకు లేదో అరనిమిషం మాట్లాడరు. పాపం అనే మాట కింది వాళ్ళ మీదికే జారుతుంది, పైకి ఎక్కదు.

దీని ఫలితం ఏమిటో చుండూరు చెప్పింది. 1991 ఆగస్టు 6న అక్కడ చంపేసిన ఎనిమిది మంది దళితుల పేర్లలో ఇమ్మానుయేలు ఉంది, ఇస్సాకు ఉంది, సంసోను ఉంది. చంపినవాళ్ళు ఆ పేర్లు చూసి ఆగలేదు. వాళ్ళ కళ్ళకు అవి మాలపల్లె పేర్లే. క్రీస్తులో కులం లేదన్న మాట మన గుడి గోడ లోపల ఎంత గట్టిగా చెప్పుకున్నా, గోడ దాటగానే అది చెల్లలేదు. చెల్లలేదన్న నిజాన్ని గోడ లోపల కూడా చెప్పుకుని ఉంటే, చుండూరు తర్వాత ప్రతి మందిరం నుంచీ ఒక ఊరేగింపు బయలుదేరి ఉండేది.

బైబిలు ఏం చేసింది?

సంఘంలో కులం గురించి అడిగితే పాస్టర్లు గలతీ పత్రిక మూడో అధ్యాయం చూపిస్తారు. యూదుడు, గ్రీకువాడు అనే తేడా లేదని పౌలు రాసిన చోటు. మేము దాని ముందు ఉన్న రెండో అధ్యాయం కూడా చదవమంటాం. అంతియొకయలో పేతురు యూదేతరులతో కలిసి భోజనం చేస్తుండేవాడు. యెరూషలేము నుంచి కొందరు పెద్దలు రాగానే భయపడి ఆ పంక్తి నుంచి లేచిపోయాడు. బర్నబా అంతటివాడు కూడా ఆయన వెంట పోయాడు. పౌలు ఏం చేశాడు? చాటుగా పిలిచి నచ్చచెప్పలేదు. అందరి ముందూ, ముఖం మీదే, నువ్వు చేసింది తప్పన్నాడు. పేతురు సామాన్యుడు కాడు, సంఘానికి స్తంభం. అయినా పంక్తి దగ్గర వేరు కూర్చుంటే సువార్తే చెడిపోతుందని పౌలు తెగేసి చెప్పాడు. రెండో అధ్యాయంలోని ఆ నిలదీత జరిగింది గనకే మూడో అధ్యాయంలోని ఆ ప్రకటనకు విలువ వచ్చింది. నిలదీత మానేసి ప్రకటన ఒక్కటే వల్లిస్తే అది గోడ మీది క్యాలెండరు వాక్యమవుతుంది.

అపొస్తలుల కార్యాల ఆరో అధ్యాయం ఇంకా పనికొచ్చే పాఠం. రోజూ జరిగే అన్నం పంపకంలో మా విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని గ్రీకు భాష మాట్లాడే వర్గం సణిగింది. అపొస్తలులు "మన సంఘంలో అట్లాంటి తేడాలు లేవు" అనలేదు. "ఐక్యత చెడగొట్టకండి" అని కూడా అనలేదు. సంఘమంతటినీ పిలిచారు, పంపకం చూసుకునేందుకు ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఎన్నికైన ఏడుగురి పేర్లు చూడండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. గిన్నె, గరిట ఫిర్యాదు చేసిన పక్షం చేతికే ఇచ్చారు. మొదటి సంఘం చేదు నిజాన్ని ఎట్లా అందుకుందో చెప్పడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ అక్కర్లేదు. ఫిర్యాదు విన్నది, నిజమేనన్నది, అధికారం చేతులు మార్చింది.

అభ్యంతరాలు, జవాబులు

"మన తప్పులు మనమే బయట పెట్టుకుంటే మతోన్మాదులు వాడుకోరా?" అంటారు. వాడుకుంటారు. ఇప్పుడు దాచిపెట్టిన నిజాన్ని కూడా వాళ్ళు వాడుకుంటూనే ఉన్నారు. 2022లో కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టులో వేసిన అఫిడవిట్ చూడండి. క్రైస్తవ, ఇస్లాం సమాజాల్లో అట్లాంటి అణచివేత లేదు కాబట్టే 1950 ఉత్తర్వు సబబని వాదించింది. ఇది ఎవరి మాట? ప్రతి ఆదివారం మన వేదికల మీది నుంచి వచ్చే మాటే. శత్రువు చేతికి ఆయుధం ఇచ్చింది చేదు నిజం కాదు, తీపి అబద్ధం.

"కులం ఉందని ఒప్పుకుంటే సువార్త ఓడిపోయినట్టే కదా?" అని ఇంకో అభ్యంతరం. జబ్బు ఉందన్నంత మాత్రాన మందు ఓడిపోదు. జబ్బే లేదన్నవాడికి మాత్రం ఏ మందూ పని చేయదు.

"నిరూపించడానికి ఆధారాలు ఎక్కడున్నాయి?" అనేవాళ్ళకు: 2008లో సతీశ్ దేశ్‌పాండే జాతీయ మైనారిటీల కమిషన్ కోసం తయారు చేసిన నివేదిక, దళిత క్రైస్తవుల స్థితి మిగతా దళితుల స్థితికి పెద్ద తేడా లేదని చూపించింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మూడో పేరాను తీసేయాలని సిఫారసు చేసింది. ఒక సభ్యురాలు దానితో విభేదించారు, ప్రభుత్వం అమలు చేయలేదు. 2022 అక్టోబరులో కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మళ్ళీ ఒక కమిషన్ వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. తీర్మానాలకు కొదవ లేదు. కొదవల్లా లోపలి సాక్ష్యానికే.

చేయవలసిన పని

సాక్ష్యం అనే మాట మన సంఘాల్లో ప్రతి వారం వినిపిస్తుంది. జబ్బు నయమైందని, ఉద్యోగం వచ్చిందని లేచి సాక్ష్యం చెబుతారు. కోర్టులోనూ అదే మాట. ఈ రెండు సాక్ష్యాలూ ఒకటి కావాలని మేమంటున్నాం. అందుకు కొన్ని పనులు సూచిస్తున్నాం.

మొదటిది, లెక్క. ప్రతి డయాసిస్‌లో, ప్రతి మిషన్ ఆస్తుల ట్రస్టులో, బడుల్లో, ఆసుపత్రుల్లో ఎవరు ఏ ఉద్యోగంలో ఉన్నారో కులాల వారీగా, స్త్రీ పురుషుల వారీగా లెక్క తీసి అచ్చు వేయాలి. సమాధుల స్థలం ఎవరికి ఎక్కడ ఇస్తున్నారో రాయాలి. ప్రభుత్వాన్ని కులగణన చేయమని అడిగే సంఘం తన ఇంట్లో ఆ పని చేయకపోతే ఎట్లా? విద్యార్థులు, ఉపాధ్యాయులు ఈ పనికి ముందుకు రావాలి. పెళ్ళి రిజిస్టరు ఒక్కటి చాలు, ఏళ్ళ తరబడి ఒక్కో ఊళ్ళో ఎన్ని కులాంతర వివాహాలు జరిగాయో చెబుతుంది.

రెండోది, మాట. కమిషన్ ముందు చెప్పిన మాట ఆదివారం ప్రసంగంలోనూ చెప్పాలి. పాపపు ఒప్పుకోలు ప్రార్థనలో కులం పేరు పెట్టి ఒప్పుకోవాలి. ఒప్పుకోలు పీఠం దగ్గర మొదలవ్వాలి.

మూడోది, రికార్డులో హిందువు అని రాయించుకున్న పిల్లల్ని సంఘంలో సిగ్గుపరచడం ఆపాలి. వాళ్ళను నిందించే ప్రతి ప్రసంగం మూడో పేరాకు కాపలా కాస్తుంది.

నాలుగోది, మాల మాదిగ సంఘాలు ఒకరి మందిరంలో ఒకరు కూర్చోవాలి. వర్గీకరణ గురించి సంఘంలోనే కూర్చుని మాట్లాడుకోవాలి. అవతలివాళ్ళ వాటా న్యాయమని ఒప్పుకునే చోటనే ఐక్యత నిలబడుతుంది.

ఈ పనులకు చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు, బిషప్పు అనుమతి అక్కర్లేదు. ఒక పెళ్ళి రిజిస్టరు, ఒక సమాధుల పుస్తకం, ఒక నోటు బుక్కు చాలు. 1985లో సుప్రీంకోర్టు అడిగిన ఆధారాలు మన మందిరాల బీరువాల్లోనే ఉన్నాయి. అవి బయటికి రావాలని సంఘ సభ్యులు అడగాలి. ఇవ్వకపోతే ఎందుకివ్వరో అందరి ముందూ అడగాలి, పౌలు పేతురును అడిగినట్టు.